గోరింక గింజ ముట్టదు

నా చేతిరాత చూసి నవ్వదలచినవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. ఆళ్లగడ్డ బడిలో పదకొండేళ్లు నల్లబల్ల మీద ముత్యాల్లాంటి అక్షరాలు రాసినదాన్ని నేను. ఇప్పుడు ఒక పేజీ నింపాలని పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అవుతుంది. పెన్ను వేళ్ల మధ్య ఉందో జారిపోయిందో కంటితో చూసుకుంటే తప్ప తెలియదు. ఆ చూపు కూడా ఎదురుగా ఉన్నంత మేరకే, పక్కనున్నది నాకు లేనట్టే. "నువ్వు చెప్పు కరుణా, నేను రాస్తా" అన్నాడు మా ఆయన దానియేలు. ఆయన రాస్తే నా తప్పుల్లో సగం మింగేస్తాడు. మంచివాడు. అందుకే ఒప్పుకోలేదు.

మళ్లీ విత్తనాల మూటలు బస్సుల మీదికి ఎక్కే కాలం వచ్చింది. ఎవరైనా నాలాంటి తెలివైనదానికి ఇది ఉపయోగపడుతుందేమోనని రాస్తున్నాను. ఇంకో కారణం ఉంది. అది రాయడానికి ధైర్యం ఇంకా చాలడం లేదు, అక్కడిదాకా వెళ్లాక చూద్దాం.

1976, ఆగస్టు

అప్పుడు మా కాపురం ఆళ్లగడ్డలో బడి వెనక మట్టి మిద్దెలో. నేను, మా అత్త మరియమ్మ, ఏడేళ్ల నా కూతురు సుగుణ. మా ఆయనకు నంద్యాలలో బియ్యం మిల్లులో గుమాస్తా పని. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లిపోయేవాడు. పెరట్లో ఒక వేప, ఒక జామ, సగం కూలిన మొండిగోడ. బడి లేని పూట నేను ఆ గోడ ఎదురుగానే ఉండేదాన్ని.

మా సంఘంలో చాలా ఇళ్లలో పొయ్యి పక్కన ఒక కుండ ఉంటుంది. అన్నానికి బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు దాంట్లో వేస్తారు, అది చర్చికి పోతుంది. నేను దాని పక్కనే రెండో కుండ పెట్టాను. అది పిట్టలది. "దేవునికొక పిడికెడు, నీ పిట్టలకొక పిడికెడు. ఇంగ మేము నీళ్లు తాగి పండుకుంటాం లే" అని మా అత్త రోజూ సణిగేది. సణుగుతూనే పిట్టల మూకుట్లో నీళ్లు మార్చేది ఆమే.

పిట్టలకు నేను హాజరుపట్టీ కూడా పెట్టాను. బడిలో సగం వాడి పారేసిన పాత పట్టీ ఒకటి దొరికితే, పిల్లల పేర్లుండే చోట పిట్టల పేర్లు రాశాను. ఒంటికాలి పిచ్చుక, దాని పెళ్లాం. మెడ మీద మచ్చలున్న గువ్వల జత, ఇంకో నాలుగు గువ్వలు. బడాయి గోరింకలు నాలుగు. జామచెట్టు చిలుకలు. దొంగ కాకి. వచ్చినరోజు గీత, రానిరోజు సున్న. ఏది ఏం తింటుందో పక్కన రాసేదాన్ని. పిచ్చుకకు నూకలిష్టం. గువ్వకు జొన్న. గోరింక ఎండు గింజ ముట్టదు, దానికి మన ఎంగిలే కావాలి, అన్నం మెతుకులో రొట్టె తునకలో.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. మా అన్న యోహాను దగ్గరి పల్లెలోనే సేద్యం చేసేవాడు. హైబ్రిడ్ జొన్న విత్తనం తెచ్చుకుంటే అదును దాటిపోయి ఒక మూట మిగిలింది. దాన్ని బస్సు మీద వేసుకొచ్చి మా వసారాలో దించాడు. విప్పి చూస్తే గింజలన్నీ కుంకుమ పట్టించినట్టు ఎర్రగా ఉన్నాయి.

"మందేసిన ఇత్తనం కరుణమ్మా. మనుషులు తినేది కాదంట. కడిగి నీ పిట్టలకన్నా వేసుకో."

"మనుషులు తినగూడనిది పిట్టలెట్ల తింటాయి?" అన్నాను.

"కడిగితే పోతాదంట. మా ఊర్లో అప్పుడే కడుక్కొని సంగటి చేసుకుంటాండారు. నాకైతే బుద్ధి పుట్టలే" అన్నాడు అన్న.

మూట మీద పుర్రె బొమ్మ ఉంది. దాని కింద రాసిందంతా చదివాను కూడా. నేను చదువు రానిదాన్ని కాదు, చదువు చెప్పేదాన్ని. ఈ ముక్క దాచుకుంటే మిగతాదంతా రాయడం దండగ.

నాకు పుట్టుకతో ఒక జబ్బుంది, గింజ పారేయలేను. అత్తా నేనూ బావి దగ్గర కూర్చుని ఆ జొన్నల్ని ఏడు నీళ్లు కడిగాం. ఉప్పు వేసి రుద్దాం, చింతపండు పిసికి నానబెట్టాం. మొదటి నీళ్లు నెత్తురు మాదిరి కాలవలో పారాయి. ఏడో నీటికి తేటగా వచ్చాయి, గింజలు మామూలు జొన్నల్లా తెల్లబడ్డాయి. "పోయిందే, మందంతా కాలవలో కొట్టకపోయింది" అంది అత్త, నడుం పట్టుకుని లేస్తూ.

మనం తినేముందు పరీక్ష చేద్దామనే బుద్ధి మాత్రం అచ్చంగా నాదే. పిట్టలకు వేసి చూశాను. ఎనిమిది రోజులు పట్టీలో ఒక్క సున్న పడలేదు. గువ్వలైతే ఒకదాన్నొకటి తోసుకుని తిన్నాయి. తొమ్మిదో రోజు జొన్నలు పిండిమరకు పంపించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సెప్టెంబరు

రోజూ సాయంత్రం జొన్నరొట్టె. నాకూ అత్తకూ అది కొత్త కాదు, ప్రాణం. మా ఆయన ఉన్న రోజున మాత్రం అన్నం వండేదాన్ని, ఆయనకు రొట్టె అరగదు. సుగుణకు రొట్టె అంటే గిట్టేది కాదు. "నాకు అన్నం కావాల" అని మూతి ముడిచేది. ఏడేళ్ల పిల్ల, నోరు చూస్తే డెబ్బై. పిట్ట కొంచెం కూత ఘనం అని మా అత్త నవ్వేది.

ఒకరోజు దాని పుస్తకాల సంచిలో ఎండిపోయిన రొట్టె దొరికింది. అంతకుముందే "తిన్నావా?" అని అడిగితే "తిన్నా" అంది. నాకు అబద్ధమంటే ఒళ్లు మండుతుంది. వీపు చిట్లేటట్టు కొట్టాను. "ఇంగొకసారి తిండి పారేసినావంటే, అబద్ధం చెప్పినావంటే, తోలు తీస్తా" అన్నాను. మర్నాటి నుంచి అది పళ్లెం తీసుకుని పెరటి మెట్టు మీద జేజి పక్కన కూర్చుని తినేది. మా వైపు నాయనమ్మను జేజి అంటాం. పళ్లెం ఎప్పుడూ ఖాళీగానే వచ్చేది. నా బెత్తం మహిమ అనుకున్నాను.

నెల సగానికి పట్టీలో మొదటి సున్న పడింది, ఒంటికాలి పిచ్చుక పెళ్లానికి. ఎక్కడో గూడు మార్చుకుందిలే అనుకున్నాను. రెండు రోజులకు ఒంటికాలిదే గోడ మీద వాలబోయి, గోడ తప్పి, జానెడు ఇవతల గాలిలో వాలింది. కింద పడి లేచి మళ్లీ ఎగిరి మళ్లీ తప్పింది. "ఏందిరా, పొద్దున్నే తాగొచ్చినావా?" అని ఎగతాళి చేశాను. సుగుణను పిలిచి చూపించాను. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు నా మీద అసహ్యం వేస్తుంది.

తర్వాత గువ్వలు. మచ్చల గువ్వ నేరుగా నడవలేక పక్కకు పక్కకు నడిచేది. గింజ మీద ముక్కు పెట్టబోతే మన్ను మీద పడేది. ఒక పొద్దున వేపకింద రెండు గువ్వలు వెల్లకిలా పడి ఉన్నాయి. పిల్లి పనైతే ఈకలైనా రేగేవి, ముట్టినట్టు కూడా లేవు. అక్టోబరు మొదట్లో గోరింకలకు పట్టుకుంది. బడాయిగా అరిచే గోరింక తల ఒక పక్కకు తిప్పుకుని, నోరు తెరిచి, అరుపు రాక అట్లాగే నిలబడేది. నాలుగింటికీ సున్నలు పడ్డాయి. "ఏదో తెగులే అమ్మా, పిట్టలకు తెగులొచ్చింది" అంది అత్త. పెరడు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. భయం వేసింది, కానీ దేనికి భయపడాలో తెలియలేదు. తెలియక, మిగిలిన గువ్వలకు బలం రావాలని ఇంకో దోసెడు జొన్నలు వేశాను.

అక్టోబరు

సున్నం ఎక్కువైన తాంబూలం వేసుకుంటే ఎట్లా ఉంటుందో అట్లా మొద్దుబారాయి నా పెదాలు. తర్వాత వేళ్ల కొసలు. నల్లబల్ల మీద రాస్తుంటే సుద్దముక్క జారి పడేది, పడిన చప్పుడు విని తెలుసుకునేదాన్ని. వరసలు కిందికి వాలిపోతున్నాయి. మూడో తరగతి పిల్లలు ముసిముసిగా నవ్వుతుంటే ఒకదాన్ని బెత్తంతో కొట్టబోయి బల్లను కొట్టాను. ముందు వరస పిల్లలు వెనక్కు జరిగారు. నా పిల్లలు నన్ను చూసి భయపడటం నాకు అలవాటే, కానీ అది వేరే భయం.

ఇంట్లో అత్తకు నాకంటే ఎక్కువైంది. నీళ్ల చెంబు నోటికి తీసుకోబోతే గడ్డానికి తగిలేది. గడప దాటబోయి గడపనే తన్నుకునేది. "మనిద్దరికీ ఒకేసారి ముసలితనం వచ్చిందే కోడలా" అని నవ్వేది. పక్కింటామె ఎవరో చేతబడి చేశారని గట్టిగా చెప్పింది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. అది మనసుకు హాయిగా ఉంది, ఆ హాయి అబద్ధం కాదు.

ఊళ్లో చూపించుకున్న డాక్టరు నరాల బలహీనత అన్నాడు. సూదులు వేశాడు, టానిక్ రాశాడు. "బలమైన తిండి తినండి. జొన్నరొట్టె మించింది లేదు" అన్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఆ మాట పట్టుకుని నేను పూటకు ఒకటికి రెండు రొట్టెలు తిన్నాను. అత్తకూ పెట్టాను. సుగుణ కూడా నీరసపడిపోతుందని దాని పళ్లెంలో కూడా ఒకటి ఎక్కువ వేశాను.

నవంబరు

ఒక శనివారం మా ఆయన బస్సు దిగి నా పక్కనే నిలబడి "కరుణా" అన్నాడు. పక్కన ఎవరూ లేరు నాకు. తల మొత్తం తిప్పితే అప్పుడు కనిపించాడు. ఆయన ముఖంలో రంగు పోయింది. సోమవారం దాకా ఆగకుండా మర్నాడే నన్నూ వాళ్లమ్మనూ బస్సెక్కించి నంద్యాలకు తీసుకుపోయాడు. సుగుణను అక్కడే ఉన్న మా ఆడబిడ్డ ఇంట్లో వదిలాం. బస్సు మెట్టు దిగలేక నేను కూర్చుండిపోతే, కండక్టరు కసురుకోకుండా రెండు చేతులూ పట్టుకుని దించాడు.

ఆసుపత్రి వసారాలో ఒక పొడుగాటి బల్ల. దాని మీద మూడు రోజులు కూర్చున్నాం. మా ముందూ వెనకా మా వంటి జనం. నా రవికె హుక్కులు ఊడిపోతే పెట్టుకోలేక పైట చుట్టుకుని ముడుచుకుని కూర్చున్నాను. పక్కన కూర్చున్న ఖాసింబీ అనే ఆమె, మోకాళ్ల నొప్పులకు వచ్చింది, అడగకుండానే గోడవైపు తిప్పి హుక్కులు పెట్టింది. "సిగ్గెందుకమ్మా, చేతులు నీయి కాకపోతే నాయి ఉండాయి కదా" అంది. పదకొండేళ్లు ఊరి పిల్లలందరికీ బొత్తాలు పెట్టినదాన్ని. మొదటిసారి ఏడ్చింది అక్కడే.

నాలుగో రోజు ఒక నెరిసిన తల డాక్టరు చూశాడు. మా ఇద్దరినీ గీత మీద నడిపించాడు, కళ్లు మూసి ముక్కు పట్టుకోమన్నాడు. ఇద్దరం చెవులు పట్టుకున్నాం. ఆయన నవ్వలేదు.

"ఇంట్లో కోళ్లు ఉండాయా? ఏమైనా చచ్చిపోయినాయా ఈ మధ్య?"

"కోళ్లు లేవు సార్. పిట్టలు పోయినాయి."

ఆ మాట అంటుండగానే గోడ తప్పిన పిచ్చుక కళ్ల ముందుకొచ్చింది. పక్కకు నడిచే గువ్వ వచ్చింది. నేను బస్సు దిగలేకపోవడం, అత్త గడప తన్నుకోవడం, అన్నీ ఒకే నడక. డాక్టరు అడిగే ఇంకే ప్రశ్న అవసరం లేకపోయింది. ఎర్ర జొన్నలు, ఏడు నీళ్లు, ఎనిమిది రోజుల పరీక్ష అంతా చెప్పాను. ఆయన మా ఆయనను ఆళ్లగడ్డకు పంపి మూటలో మిగిలిన గింజలూ, హాజరుపట్టీ తెప్పించాడు. పట్టీని జవాబుపత్రం దిద్దినట్టు వేలు పెట్టి చదివాడు.

"విత్తనాలకు పాదరసం మందు కలుపుతారమ్మా. రంగు వేరే, మందు వేరే. మీరు కడిగింది రంగు" అన్నాడు. "పిట్టకైనా మనిషికైనా ఇది తిన్నరోజు కనపడదు. వారాలు పడతాది."

"విరుగుడు?"

"నా దగ్గర లేదు. తినేది ఆపినారు కదా, ఒళ్లు దానంతటది ఎంత వదిలిస్తే అంత." మళ్లీ అడిగాడు. "ఇంకెవరు తిన్నారు?"

నా పిండి ఎవరికైనా ఇచ్చానా అని మా ఆయన కంగారుగా అడిగాడు. లేదు. నా పిసినారితనం ఊరిని కాపాడింది. చర్చి కుండలో బియ్యమే వేశాను. మిగిలింది ఒక్కతే. "నా కూతురు" అన్నాను.

నవంబరు చివర

నా జబ్బు నాకు గుర్తులేని రోజులవి. చెప్పినా ఎవరూ నమ్మరు. మా ఆడబిడ్డ రోజూ సాయంత్రం సుగుణను వార్డుకు తీసుకొచ్చేది. నేను దాన్ని బండల మధ్య గీత మీద నడిపించేదాన్ని. సూదిలో దారం ఎక్కించమనేదాన్ని. కళ్లు మూసి ముక్కు పట్టుకోమనేదాన్ని. అది ఆట అనుకుని నవ్వుతూ చేసేది. ముక్కే పట్టుకునేది. అది వెళ్లాక రేపు చెవి పట్టుకుంటుందేమోనని మళ్లీ సాయంత్రం దాకా చచ్చేదాన్ని.

డాక్టరు అన్నాడు, ఎంత తిన్నదో తెలిస్తే ఏదైనా చెప్పగలనని. అడిగాను.

"సుగుణా, రొట్టెలు తిన్నావా నువ్వు?"

"తిన్నా."

"అన్నీ?"

"అన్నీ తిన్నామా. ఒక్కటి పారేయలే. నిజంగా."

బిడ్డ నిజం చెబితే తల్లి గుండె చల్లబడాలి. ఆ మాట విన్నప్పుడల్లా నా గుండెలో రాయి పడేది. మళ్లీ మళ్లీ అడిగేదాన్ని, అది మళ్లీ మళ్లీ అదే చెప్పేది, కొంచెం వెనక్కు జరుగుతూ. ఖాసింబీ అప్పటికి పక్క వార్డులో మంచం దొరికి ఉండింది. ఆమె ఒకరోజు చూసి, "పోలీసోళ్ల మాదిరి అడగతాండావమ్మా. బిడ్డ వణుకుతాంది" అంది. వణుకు అన్న మాట వినగానే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. తర్వాత అర్థమైంది ఆమె అన్నది భయంతో వణుకు అని.

ఏమీ తోచక మా ఆయనను హాజరుపట్టీ చదివి వినిపించమన్నాను. నాకు కళ్లు నిలవడం లేదు. ఆయన ఓపిగ్గా చదివాడు. పిచ్చుక సున్న. గువ్వ సున్న. గోరింకలు నాలుగూ సున్న.

"ఆగు. గోరింకల పక్కన ఏం రాసినా?"

"గోరింక ఎండు గింజ ముట్టదు."

ఎన్నేళ్లు చూశాను ఆ గోరింకల్ని. నా జొన్నల్ని అవి ఒక్కనాడు ముట్టలేదు. మరి అవెందుకు చచ్చాయి? రొట్టె తుంచి ఎవరో వేస్తేనే. నేను వేయలేదు, పిండి ఖరీదైన కాలం. అత్త వేయదు, ఆమె రొట్టె ఆమెకే చాలదు.

"నీ కూతుర్ని పిలుచుకొని రా. ఇప్పుడే" అన్నాను. "మీ అక్కను ఆడనే ఉండమను. దాన్నొక్కదాన్నే."

సుగుణ వచ్చి మంచానికి రెండడుగుల దూరంలో నిలబడింది. నాకు కొత్త పని, మెత్తగా మాట్లాడటం. "నేను కొట్టను. ఈ చేతులతో కొట్టలేను కూడా, చూడు" అన్నాను, చేతులు చాపి. వణుకుతున్న ఆ చేతుల్ని అది చూసింది. "రొట్టెలు ఏం చేసినావు బంగారూ?"

అది వెక్కి వెక్కి ఏడ్చింది. "గోరింకలకేసినా. ఒగ తునక నేను తిని, తక్కింది గోరింకలకేసినా. అవి చచ్చిపోయినాయి మా. నేనే చంపినా. నన్ను కొట్టాకు."

రెండు నెలలు ఆ పిల్ల ఆ బరువు మోసింది. దాన్ని లాక్కుని హత్తుకున్నాను. నా జీవితంలో దేవునికి అంత గట్టిగా స్తోత్రం చెప్పలేదు, అదీ నా కూతురు నా మాట విననందుకు. "నువ్వు కాదే పిచ్చిదానా, నువ్వు కాదు. అమ్మ చేసిన రొట్టె చెడ్డది. చంపింది అమ్మ" అన్నాను. అది కొంచెం నెమ్మదించి, ముక్కు తుడుచుకుని, ఇంకో మాట చెప్పింది.

"గోరింకలు రాని దినం జేజికిచ్చినా. జేజి అడిగింది."

మా అత్త నాకు రెండు మంచాల అవతలే పడుకుని ఉంది. తల తిప్పి చూశాను. కళ్లు తెరిచే ఉన్నాయి. అప్పటికి ఆమెకు చూపు దాదాపు పోయింది. చెవులు పోలేదు.

డిసెంబరు

సుగుణకు ఏమీ కాలేదు. క్రిస్మస్ దాకా రోజూ ముక్కు పట్టుకుంది, సూది ఎక్కించింది. డాక్టరు చివరికి "ఇంగ చాలు, బిడ్డను బడికి పంపండి" అన్నాడు. ఆ మాట నేను మా ఆయన చేత మూడుసార్లు చెప్పించుకున్నాను.

మా అత్త మాత్రం దిగజారుతూ వచ్చింది. మాట ముద్దగా అయిపోయింది. నాకంటే ఆమెకు ఎక్కువ ఎందుకు పట్టిందో డాక్టరుకు అర్థం కాలేదు, వయసు కారణం కావచ్చన్నాడు. నాకూ ఆమెకూ తెలుసు. ఒక మధ్యాహ్నం నన్ను చెయ్యూపి పిలిచింది. మంచాలు పట్టుకుని పట్టుకుని వెళ్లాను. చెవి ఆమె నోటి దగ్గర పెడితే తప్ప వినపడలేదు.

"పాపకు చెప్పాకు."

"ఏంది అత్తా?"

"నేనే అడిగి పెట్టించుకుంటి. ఆకలి. పాపకు ఎప్పుడూ చెప్పాకు. ఒట్టెయ్యి."

వేశాను. క్రిస్మస్‌కు మూడు రోజుల ముందు ఆమె పోయింది. ఆళ్లగడ్డకు తీసుకొచ్చి సమాధుల తోటలో పెట్టాం. నన్ను ఇద్దరు పట్టుకుని నిలబెట్టారు. తిరిగి వస్తుంటే సుగుణ నా చెయ్యి పట్టుకుని అడిగింది. "మా, జేజి కూడా రొట్టె వల్లనే పోయిందా?"

అబద్ధానికి తోలు తీస్తానన్నదాన్ని. "లేదు. ముసిలిదైపోయి పోయింది" అన్నాను, తడబడకుండా.

ఆ తర్వాత

1977 వేసవికి పట్టుకోకుండా నడిచాను. పెదాల మొద్దు పోయింది. వేళ్లు సగం తిరిగి వచ్చాయి, చూపు పక్కలు రాలేదు. బడివాళ్లు నన్ను పంపేయకుండా చిన్నపిల్లలకు ఎక్కాలు నోటితో చెప్పే పని ఇచ్చారు. నల్లబల్ల మీద పెద్దపిల్ల ఒకతె రాస్తుంది. మా అన్న మిగిలిన మూటను ఊరి బయట లోతుగా గొయ్యి తీసి పూడ్చాడు. వాళ్ల ఊళ్లో కడిగి తిన్న ఇళ్ల సంగతి నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. ఇప్పుడు కనపడితే తల వంచుకుంటాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని నేనే ఆయనకు కాఫీ ఇచ్చి కూర్చోబెడతాను.

పెరట్లోకి రెండేళ్లు పిట్ట రాలేదు. తర్వాత ఒకటీ అరా వస్తున్నాయి. నీళ్లు పెడతాను. గింజలు వేసే ధైర్యం లేదు, మా ఆయన వేస్తాడు, తాను తినే బియ్యంలోంచి.

ఈ ఏడు, ఎనభై నాలుగు ఈస్టరుకు ముందు, మా ఆయన వాళ్లమ్మ సమాధికి రాయి వేయించాడు. అంతవరకూ మట్టిదిబ్బ మీద కొయ్యశిలువే. ఈస్టరు పొద్దున అందరం పూలు తీసుకుని వెళ్లాం. సుగుణకు ఇప్పుడు పదిహేను, లెక్కల్లో నన్ను మించింది. పూలు పెట్టి, రాతి మీద పుట్టిన ఏడూ పోయిన ఏడూ చదివింది.

"జేజికి యాభై నాలుగేనా మా?"

"ఊఁ."

"ముసిలిదైపోయి పోయిందంటివే."

నేను రాతి మీది పూలు సర్దుతూ ఉండిపోయాను. అది రెండో మాట అడగలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో అవసరానికి తప్ప నోరు విప్పడం లేదు. ఒంటరిగా కూర్చుని ఉంటుంది. నేను వెళ్లి పక్కన కూర్చుంటే లేచి పోతుంది. దాని లెక్క తాను జేజికిచ్చిన రొట్టెల దాకా వచ్చిందని నాకు తెలుసు.

సుగుణా, ఇదంతా నీకోసం రాశాను. మీ జేజికి వేసిన ఒట్టు తప్పుతున్నాను. నువ్వు కట్టిన లెక్కలో సగమే ఉంది, మిగతా సగం నా దగ్గర ఉండిపోయింది. పుర్రె బొమ్మ చూసింది నేను. దాని కింద ఉన్నది చదివింది నేను. పిట్టలు తిని బతికాయి కదా అని పిండి పట్టించింది నేను. తినకపోతే నిన్ను చితక్కొట్టిందీ నేనే. నువ్వు చేసిందల్లా ఆకలని అడిగిన మనిషికి నీ పళ్లెంలోది ఇవ్వడం. దానికి ఎవరైనా నిన్ను తప్పు పడితే, ఆ పట్టేది నువ్వే అయినా సరే, నేను ఊరుకోను.

చదవడం అయ్యాక నా దగ్గరికి రా. ఏమి అడిగినా నిజం చెబుతాను. తిట్టాలనిపిస్తే తిట్టు. చేతులు, కళ్లు పాడయ్యాయి గానీ నా చెవులు బాగానే ఉన్నాయి. వింటాను.